గాజు పెట్టెలో ఆగిపోయిన బొంగరం: పాత ఆటబొమ్మలను పిల్లలకు మ్యూజియంలో ఎలా చూపించాలి?

మొదటిసారి ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక పెద్ద మ్యూజియానికి వెళ్లినప్పుడు నేను చేసిన తప్పు అందరూ చేసేదే. టికెట్లు కొన్నాం కదా, ఏదీ వదలకుండా చూపించాలనుకున్నాను. రెండు గంటల్లో పద్నాలుగు గదులు తిరిగాం. ఇంటికి వచ్చాక ఏం చూశారని అడిగితే, పెద్దవాడు లిఫ్టు బాగుందన్నాడు. రెండోవాడు కాపలాదారు మీసాల గురించి చెప్పాడు. చిన్నది అప్పటికే నిద్రపోయింది.

తర్వాతి సారి పద్ధతి మార్చాను. ఎనిమిదేళ్ల మేనకోడల్ని ఒక్కదాన్నే తీసుకుని, దారిలో ఇంకేదీ చూడకుండా, పురావస్తు విభాగంలో ఒక మూలనున్న చిన్న మట్టి ఎద్దు దగ్గరికి వెళ్లాను. దాని ముందే ఇరవై నిమిషాలు గడిపాం. ఆ ఎద్దు సంగతి తను ఇప్పటికీ కనబడిన వాళ్లందరికీ చెబుతుంది. కింద రాసినవాటిలో సగం ఆ ఇరవై నిమిషాల్లో నేర్చుకున్నవే.

అసలు చిక్కు ఇది. శిల్పాన్ని దూరంగా నిలబడి చూసినా దాని అందం మనకు అందుతుంది. బొమ్మ అలా కాదు. అది చేత్తో పట్టుకోవడానికి, లాగడానికి, విసరడానికి, ఒక్కోసారి కొరకడానికి పుట్టింది. మ్యూజియంలో ఆ ఒక్కటే కుదరదు. తిరగని బొంగరం ఒట్టి కొయ్యముక్క. కాబట్టి గాజు వెనక ఆగిపోయిన ఆటను పిల్లల ఊహలో మళ్లీ కదిలించడమే మన పని. తేదీలు, నాగరికతల పేర్లు ఆ తర్వాత చెప్పినా నష్టం లేదు.

ముందు మీరొక్కరే వెళ్లి రండి

పిల్లలను తీసుకెళ్లే ముందు వీలైతే మీరొకసారి చూసి రండి. కుదరకపోతే మ్యూజియం వెబ్‌సైటులో వస్తువుల జాబితా ఉంటుందేమో వెతకండి. బ్రిటిష్ మ్యూజియం లాంటివి తమ దగ్గరున్న లక్షల వస్తువుల ఫోటోలు, వివరాలు అందరికీ కనబడేలా పెట్టాయి. మీరు వెతకాల్సింది మూడంటే మూడు బొమ్మలు.

మొదటిది, పిల్లలు చూడగానే గుర్తుపట్టేది. బంతి, బొంగరం, గిలక్కాయ, గుడ్డబొమ్మ లాంటిది ఏదైనా సరే. రెండోది, దాంతో ఎలా ఆడతారో వెంటనే తట్టనిది. మూడోది, బాగా అరిగిపోయినదో విరిగినదో. ఈ మూడోదాన్ని మాత్రం తప్పకుండా వెతకండి. నిగనిగలాడే బొమ్మ దాన్ని చేసిన మనిషి గురించి చెబుతుంది. అరిగిన బొమ్మ దాంతో ఆడిన పిల్ల గురించి చెబుతుంది. పిల్లలకు కావలసింది ఆ పిల్లే.

దీనికోసం బొమ్మల మ్యూజియమే ఉండాలని లేదు. ఉంటే మంచిదే. ఎడిన్‌బరోలో బాల్యం మీద పెట్టిన మ్యూజియం 1955 నుంచి ఉంది. శతాబ్దాలుగా బొమ్మల తయారీకి పేరుపడ్డ న్యూరెంబర్గ్‌లో 1971లో బొమ్మల మ్యూజియం తెరిచారు. ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ 1965లో అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం నెలకొల్పారు. లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో ఉన్న పాత బాల్య మ్యూజియం 2023లో ‘యంగ్ వి అండ్ ఎ’ అనే కొత్త పేరుతో తిరిగి తెరుచుకుంది. ఇవేవీ దగ్గర్లో లేవని దిగులు పడకండి. పురావస్తు వస్తువులున్న ఏ మ్యూజియంలోనైనా, కుండలకూ పూసలకూ మధ్య ఎక్కడో ఒక చిన్న బండిచక్రమో మట్టి పక్షో ఉంటుంది. పెద్దలు చూడకుండా దాటిపోయే మూల అది.

ఒక ఫోను కూడా చేసి చూడండి. కొన్ని మ్యూజియాల్లో పిల్లల చేతికి ఇచ్చేందుకు నకలు బొమ్మలు విడిగా పెట్టుకుంటారు. అడిగిన వాళ్లకే వాటిని బయటికి తీస్తారు.

బయలుదేరే ముందు రోజు: సొంత బొమ్మకు చీటీ

మొత్తం ప్రయాణంలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇంట్లోనే జరుగుతుంది. పిల్లలను తమ బొమ్మల్లోంచి ఒకదాన్ని ఎంచుకోమనండి. దానికి మ్యూజియంలో పెట్టే లాంటి చీటీ రాయమనండి. పేరు, దేనితో చేశారు, ఏ కాలానిది, ఎవరిది, ఎక్కడ దొరికింది, ఏం దెబ్బతింది. రాయడం రాని పిల్లలు చెబుతుంటే మీరు రాయండి.

మా మేనకోడలు రాసిన చీటీ నా దగ్గర ఇంకా ఉంది: ‘కుందేలు. గుడ్డ, దూది. నాకు రెండేళ్లప్పటిది. దొరికిన చోటు: మంచం కింద. నష్టం: ఎడమ చెవి. కొరికింది నేనే.’

ఆ చివరి మాట కోసమే ఇదంతా. తన కుందేలుకు చెవి ఎందుకు పోయిందో తెలిసిన పిల్ల, మర్నాడు మ్యూజియంలో ముక్కు విరిగిన గుర్రాన్ని చూస్తే ‘పాడైపోయింది’ అని ఊరుకోదు. ‘ఎవరు విరగ్గొట్టారు?’ అంటుంది. మరో లాభం కూడా ఉంది. చీటీ రాసేది మనిషేననీ, ఆ మనిషికి తెలిసినంతే రాస్తాడనీ పిల్లలకు అర్థమవుతుంది. ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

సంచిలో పెన్సిళ్లు, తెల్లకాగితాలు, వెనక ఆనించుకోవడానికి ఒక అట్ట పెట్టుకోండి. చాలాచోట్ల గ్యాలరీల్లో పెన్నులు వాడనివ్వరు, పెన్సిలుకు అభ్యంతరం ఉండదు. భూతద్దం ఉంటే ఇంకా మంచిది. అది చేతిలో ఉన్న పిల్ల తనంతట తానే నెమ్మదిస్తుంది.

లోపలికి వెళ్లాక: చీటీ చదవకండి

ఎంచుకున్న మొదటి బొమ్మ దగ్గరికి నేరుగా వెళ్లండి. పెద్దవాళ్లకు ఒక దురలవాటు ఉంది. వస్తువు కంటే ముందు పక్కనున్న చీటీని చదువుతాం, చదివి పిల్లలకు వినిపిస్తాం. దాంతో చూడాల్సింది ఇంకేమీ మిగలదు. చీటీకి అడ్డంగా మీరే నిలబడండి. నేను నిజంగానే అలా నిలబడతాను.

మొదటి నిమిషం ఏమీ అడగకండి. తర్వాత ఒక్కటొక్కటిగా అడగండి. ఇందులో ఏ భాగం కదులుతుంది? ఎక్కడ పట్టుకుంటావు? చప్పుడు చేస్తుందా? ఒక్కరే ఆడాలా, ఇంకొకరు కావాలా? ఇంట్లో ఆడేదా, ఆరుబయటా? ఎక్కడ ఎక్కువ అరిగింది? ఇప్పుడు ఇందులో లేనిది ఏమిటి?

ఆ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. ఆ మట్టి ఎద్దు విషయమే చెబుతాను. సింధు నాగరికత ఊళ్లలో, అంటే సుమారు 4,500 ఏళ్ల కిందట, పిల్లల కోసం చేశారని భావించే మట్టి వస్తువులు చాలానే దొరికాయి. చిన్న చిన్న ఎడ్లబళ్లు, పక్షి ఆకారపు ఈలలు, తల ఊపే పశువులు. మేం చూసిన ఎద్దుకు తల విడిగా ఉంది, మొండెం విడిగా ఉంది.

“తల విరిగిపోయిందా?” అన్నాను, కావాలనే.

గాజుకు ముక్కు ఆనించి చూసింది. “విరగలేదు అత్తా. విరిగితే గరుకుగా ఉంటుంది కదా. ఇక్కడ నున్నగా ఉంది. పైగా చిల్లు ఉంది.”

“చిల్లు ఎందుకు?”

“తాడు కోసమేమో. మరి తాడేదీ?”

నేను మాట్లాడలేదు. కాసేపు ఆలోచించి, తన జడను వెనక నుంచి పట్టుకుని లాగింది. తల పైకి లేచింది. వదిలింది. తల కిందికి వాలింది. మళ్లీ లాగింది. పక్కన నిలబడ్డ పెద్దాయన మా ఇద్దరినీ విచిత్రంగా చూశాడు. తాడు లాగితే తల ఊపే ఎద్దు ఎలా పనిచేస్తుందో నేను ఒక్క ముక్క చెప్పకుండానే తను కనిపెట్టింది. అప్పుడు పక్కకు జరిగి చీటీ చదవనిచ్చాను. అందులో ఉన్నది తనకు ముందే తెలిసినందుకు ఎంత గర్వపడిందో!

అందుకే పిల్లలను ఒంటితో ఆడి చూపించమనండి. బొంగరమైతే చేత్తో విసిరినట్టు, చక్రాల గుర్రమైతే తాడు పట్టి లాగినట్టు, గిలక్కాయైతే చెవి దగ్గర ఊపినట్టు. సిగ్గుపడితే ముందు మీరు చేయండి. ఆ తర్వాత బొమ్మ గీయమనండి. మొత్తం గీయక్కర్లేదు, కదిలే భాగం ఒక్కటి చాలు. అది ఎటు కదులుతుందో బాణం గుర్తు పెట్టమనండి.

తాడు ఎక్కడికి పోయింది?

ఇక్కడే చరిత్ర మొదలవుతుంది. తాడు కుళ్లిపోయింది. మట్టి మిగిలింది. వేల ఏళ్లు భూమిలో ఉన్నాక రాయి, కాల్చిన మట్టి, ఎముక, లోహం నిలుస్తాయి. గుడ్డ, గడ్డి, ఆకు, తోలు, కొయ్య చాలాచోట్ల మట్టిలో కలిసిపోతాయి. కాబట్టి మ్యూజియంలో కనబడేవి ఆనాటి బొమ్మలన్నీ కావు, చావు తప్పించుకున్న బొమ్మలు మాత్రమే.

ఎండిపోయిన ఇసుక నేల ఉన్న చోట కథ మారుతుంది. ఈజిప్టులో దొరికిన ఒక గుడ్డబొమ్మ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రోమన్ల పాలన నాటిది. నారబట్టతో కుట్టి, లోపల గుడ్డపీలికలు, పపైరస్ (ఆనాటి కాగితం లాంటిది) ముక్కలు కుక్కారు. ఇంట్లో మిగిలినవాటితో ఎవరో చేసి ఇచ్చిన బొమ్మ అని చూడగానే తెలుస్తుంది. అదే మ్యూజియంలో 3,000 ఏళ్లు దాటిన ఒక కొయ్య పిల్లి కూడా ఉంది. తాడు లాగితే దాని కింది దవడ కదులుతుంది, నోట్లో కంచు పళ్లుంటాయి. రెండింటి ఫోటోలూ పక్కపక్కన పెట్టి ‘ఏది డబ్బున్న వాళ్లది?’ అని అడిగి చూడండి. ఆరేళ్ల పిల్లలు కూడా ఠక్కున చెబుతారు. ఎందుకలా అనుకున్నావని అడిగితే చెప్పే కారణాలు వినదగ్గవి.

ఇంకో మెలిక కూడా ఉంది. బాగా ఆడిన బొమ్మ పగిలిపోతుంది, పారేస్తారు. ఆడకుండా అటకమీద దాచింది మిగులుతుంది. నిన్నమొన్నటి బొమ్మల విషయంలోనూ అంతే. ఖరీదైనవి, ముట్టుకోవద్దని బీరువాలో పెట్టినవి తరాలు దాటి మ్యూజియానికి చేరాయి. పేదపిల్లలు ఆడిన పుల్లలు, గులకరాళ్లు చేరలేదు. ‘అయితే ఈ గదిలో లేని పిల్లలు ఎవరు?’ అని అడగండి. తొమ్మిది పదేళ్లు దాటిన పిల్లలకు ఈ ప్రశ్న బాగా పట్టుకుంటుంది.

అమెరికాలోని రోచెస్టర్ నగరంలో స్ట్రాంగ్ మ్యూజియం అని ఒకటుంది. గొప్ప ఆటవస్తువులను ఏటా ఎంపిక చేసి గౌరవించే పద్ధతి అక్కడ ఉంది. 2005లో ఆ గౌరవం ఖాళీ అట్టపెట్టెకు దక్కింది. 2008లో కర్రపుల్లకు దక్కింది! ఇది చెబితే పిల్లలు పగలబడి నవ్వుతారు. తర్వాత తమ కర్రపుల్లల గురించి వరసగా చెప్పడం మొదలుపెడతారు. ఆపకండి.

బొమ్మ వయసు కనిపెట్టడం

కాస్త పెద్ద పిల్లలతో ఈ ఆట ఆడొచ్చు. చీటీ చూడకుండా, దేనితో చేశారో చూసి కాలం ఊహించాలి.

మట్టి, కొయ్య అన్ని కాలాల్లోనూ ఉన్నాయి కాబట్టి వాటితో తేల్చడం కష్టం. రేకుబొమ్మలు తేలిక. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రేకు మీద రంగులు అచ్చువేసి, కత్తిరించి, వంచి, చిన్న చిన్న కొక్కేలతో బిగించేవారు. లోపల స్ప్రింగు, పక్కన కీ. భూతద్దంతో కీ చుట్టూ చూడమనండి. రంగు వలయంలా చెరిగిపోయి ఉంటే ఎవరో ఆ కీని లెక్కలేనన్నిసార్లు తిప్పారన్నమాట. సెల్యులాయిడ్ (తొలినాళ్ల ప్లాస్టిక్) బొమ్మలు తేలిగ్గా, పలచగా, చూడ్డానికి అందంగా ఉంటాయి. నిప్పు తగిలితే మాత్రం భగ్గుమంటాయి. ఈ ముక్క చెప్పగానే అప్పటిదాకా దిక్కులు చూస్తున్న పిల్లలు కూడా దగ్గరికి వస్తారు. ఎలుగుబంటి బొమ్మకు ‘టెడ్డీ బేర్’ అనే పేరు రావడానికి కారణం 1902లో జరిగిన ఒక సంఘటన. అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వేటకు వెళ్లి, కట్టేసిన ఎలుగును కాల్చనన్నాడు. దాని మీద పత్రికలో కార్టూను వచ్చింది. ఆయన ముద్దుపేరు టెడ్డీ.

ఇంట్లో లెగో ఇటుకలుంటే ఇంకో విషయం చెప్పండి. ఆ సంస్థ 1932లో మొదలైనప్పుడు చేసింది కొయ్యబొమ్మలు. ఇప్పుడు మనం చూసే ప్లాస్టిక్ ఇటుకకు పేటెంటు దరఖాస్తు చేసింది 1958లో. ఆ ఏడాది చేసిన ఇటుక ఇంట్లో ఉన్న కొత్త ఇటుకలోకి ఇప్పటికీ సరిగ్గా దిగుతుంది. గాజు పెట్టెలోని వస్తువు తన అటకమీది డబ్బాలో ఇమిడిపోతుందని తెలిసినప్పుడు పిల్లల ముఖం చూడాలి.

ఒక జాగ్రత్త. ఈ ఆసక్తితో పాత బొమ్మలు కొని చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. పాతకాలపు రంగుల్లో సీసం ఉండేది. రేకు అంచులు చాకులా కోస్తాయి.

ఇది నిజంగా బొమ్మేనా?

చీటీ రాసేది మనిషేనని ముందే చెప్పాను కదా. ఇప్పుడు దాని అవసరం వచ్చింది. చిన్నగా, మనిషి ఆకారంలో ఉన్నదల్లా ఆటబొమ్మ కాదు. ప్రాచీన ఈజిప్టులో చదునైన చెక్క తెడ్డులా చేసి, తలకు పూసల జుట్టు కట్టిన బొమ్మలు దొరికాయి. మొదట్లో వాటిని పిల్లల బొమ్మలే అనుకున్నారు. అవి పూజకో సంతానానికో సంబంధించినవి అయ్యుండొచ్చని తర్వాత చాలామంది పండితులు అభిప్రాయపడ్డారు. మెక్సికోలో కొలంబస్‌కు ముందు కాలపు మట్టి జంతువులు దొరికాయి, కాళ్లకు చక్రాలతో సహా. ఆ నేల మీద మనుషులు చక్రాల బళ్లు వాడలేదు, ఈ చిన్న జంతువులకు మాత్రం చక్రాలున్నాయి. ఆడుకోవడానికా, మొక్కుబడికా అన్నది ఇంకా తేలలేదు.

పిల్లలను రెండు జట్లు చేయండి. ఒక జట్టు ‘బొమ్మే’ అని, ఇంకో జట్టు ‘కాదు’ అని వాదించాలి. కారణం మాత్రం వస్తువు మీదే చూపించాలి. ‘నాకలా అనిపించింది’ అంటే కుదరదు. అరిగిందా? చిన్న చేతిలో పడుతుందా? కింద పడితే పగులుతుందా? ఎక్కడ దొరికింది? ఇల్లు, వీధి, గుడి, సమాధి? ఎవరు గెలిచారో మీరు తీర్పు చెప్పకండి.

పెద్దల బొమ్మలను కూడా ఈ వాదనలోకి లాగండి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో పెట్రోనెలా ఊర్ట్‌మాన్ అనే సంపన్నురాలి బొమ్మరిల్లు ఉంది. 1686 నుంచి దాదాపు పాతికేళ్లు దాన్ని అలంకరిస్తూనే ఉంది. దానికి పెట్టిన డబ్బుతో కాలువ ఒడ్డున నిజమైన ఇల్లే వచ్చేదట. అది పిల్లలు ఆడుకోవడానికి చేసింది కాదు. ఇంకొకటి, 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల తయారీదారు దేశాల పటాన్ని చెక్కకు అతికించి, సరిహద్దుల వెంట కోసి అమ్మాడు. ముక్కలు పేర్చి భూగోళం నేర్చుకోవాలని. జిగ్సా పజిల్ అలా వచ్చింది. ‘ఇది పిల్లలు అడిగిన బొమ్మా, పెద్దలు తెచ్చిపెట్టిన బొమ్మా?’ అని అడిగితే మా వాళ్లు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఇబ్బంది పెట్టే ప్రశ్నలు

ప్రాచీన బొమ్మల్లో సమాధుల్లో దొరికినవి చాలానే ఉన్నాయి. రోములో 1889లో బయటపడిన క్రెపెరేయా ట్రైఫేనా అనే అమ్మాయి శవపేటికలో కీళ్లు కదిలే దంతపు బొమ్మ ఉంది. ‘ఆ అమ్మాయి చనిపోయిందా?’ అని పిల్లలు తప్పక అడుగుతారు. మాట దాటేయకండి. అవును, చనిపోయింది. ఇంట్లోవాళ్లు ఆమె బొమ్మను ఆమెతోనే ఉంచారు. అంత చాలు. దాని మీద ఉపన్యాసం అక్కర్లేదు. పిల్లలు ఒక నిమిషం మౌనంగా ఉండి, తర్వాత బొమ్మ మోచేయి ఎలా వంగుతుందో అడుగుతారు.

కొన్ని పాత బొమ్మల్లో ఇతర జాతుల మనుషులను వెక్కిరించేలా చేసినవి ఉంటాయి. ఆడపిల్లలకు వంటపాత్రలు, మగపిల్లలకు తుపాకులు అని పంచినవీ ఉంటాయి. ‘అప్పట్లో అంతే’ అని దాటేస్తే మ్యూజియానికి వచ్చి ప్రయోజనం లేదు. ఈ బొమ్మను చూసి ఆ రోజుల్లో ఎవరు నవ్వి ఉంటారు, ఎవరికి మనసు నొచ్చుకుని ఉంటుంది అని అడగండి. జవాబు వెంటనే రాకపోయినా ఫరవాలేదు.

ముట్టుకోవద్దు అంటే సరిపోదు

ఎందుకు ముట్టుకోకూడదో చెప్పండి. మన వేళ్ల మీద చెమట, నూనె ఉంటాయి. అవి లోహానికి తుప్పు పట్టిస్తాయి, బట్ట మీద మరక వేస్తాయి. బొమ్మల గదుల్లో వెలుతురు మసకగా ఉండటానికి కూడా కారణం ఉంది. వెలుతురు బట్టను, కాగితాన్ని వెలిసిపోయేలా చేస్తుంది, ఆ నష్టం మళ్లీ పూడదు. అందుకే అలాంటి వస్తువుల మీద దాదాపు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించకుండా చూస్తారు. చదువుకునే బల్ల మీద మనం వాడే వెలుతురులో అది చిన్న భాగమే. లోపలికి రాగానే పిల్లలను రెండు నిమిషాలు ఊరికే నిలబడనివ్వండి, చీకటికి కళ్లు అలవాటు పడతాయి.

చిన్నపిల్లలకు నలభై నిమిషాలు చాలు. బడి పిల్లలకైతే గంట, మహా అయితే గంటన్నర. మూడో బొమ్మ దగ్గర కాళ్లు పీకడం మొదలైతే రెండింటితోనే ముగించండి. ‘ఇంకొంచెం చూద్దాం’ అని పిల్లలు అంటున్నప్పుడే బయటికి రండి. ఇది రాయడం తేలికే. కొన్న టికెట్టు గుర్తొచ్చి నేను ఇప్పటికీ తడబడుతుంటాను.

ఇంటికి వచ్చాక

మ్యూజియంలో ఆగిపోయిన ఆటను ఇంట్లో ఆడాలి, లేకపోతే పని సగమే అయినట్టు. ఆ వారంలోనే ఒక పాత బొమ్మ చేయండి. నేను ఎక్కువగా చేయించేది పక్షి-పంజరం బిళ్ల. దీన్ని థామట్రోప్ అంటారు. 1820ల్లో లండన్‌లో విపరీతంగా అమ్ముడైన కాగితపు బొమ్మ ఇది. సినిమా రాకముందు పిల్లలు చూసిన సినిమా అనుకోండి.

దళసరి అట్టను ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా కత్తిరించండి. ఎడమ అంచు దగ్గర ఒక చిల్లు, కుడి అంచు దగ్గర ఒక చిల్లు పెట్టి, ఒక్కోదానికి జానెడు దారం కట్టండి. బిళ్ల మధ్యలో పక్షిని గీయమనండి. ఇక రెండో వైపు పంజరం గీయాలి, తిరకాసంతా అక్కడే ఉంది. బిళ్లను పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పకూడదు. పై అంచు కిందికి వచ్చేలా తిప్పాలి. అలా తిప్పాక నిటారుగా కనబడేట్టు పంజరం గీయాలి. పక్షి కంటే పంజరం కాస్త పెద్దదిగా ఉండాలి, గీతలు ముదురుగా ఉండాలి. రెండు దారాలనూ వేళ్ల మధ్య పట్టుకుని గబగబా మెలిపెడితే బిళ్ల గిరగిరా తిరుగుతుంది, పక్షి పంజరంలో కూర్చుంటుంది.

ఈ తిరకాసు ముందే చెప్పేయకండి. మొదటి బిళ్ల తప్పుగా రానివ్వండి.

రెండో పని ఇంట్లోని పెద్దవాళ్లతో. చిన్నప్పుడు ఏం ఆడారని మొత్తంగా అడిగితే రెండు మాటల్లో తేల్చేస్తారు. ‘మీ దగ్గర విరిగిపోయిన బొమ్మ ఏది?’ అని పిల్లల చేత అడిగించండి. ఎలా విరిగిందో, ఎవరు తిట్టారో, ఎవరు అతికించారో వరసగా వస్తుంది. దాన్ని వినమని, ఆ బొమ్మను ఊహించి గీయమని, పక్కన చీటీ రాయమని చెప్పండి. వస్తువు ఇప్పుడు లేదు కాబట్టి ఏ మ్యూజియానికీ అది చేరదు. పిల్లల పుస్తకంలో ఒక పేజీ మాత్రం దానికి ఉంటుంది.

మా ఇంట్లో ఎద్దును చూసొచ్చిన వారానికి బిళ్ల తయారైంది. దారాలు మెలిపెట్టగానే పంజరం తలకిందులుగా ప్రత్యక్షమైంది, లోపల పక్షి మాత్రం హాయిగా నిలబడే ఉంది. మేనకోడలు కాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసింది. రెండో బిళ్ల కత్తిరించడానికి ముందు, మొదటిదాని వెనక పెన్సిలుతో చీటీ రాసింది: ‘నష్టం: పంజరం తిరగబడింది. చేసింది నేనే.’